తూటా డొల్ల – ఇత్తడి గుణము



ఈ పూట ప్రసంగమునకు నేనెంచుకొనిన వస్తువు మిక్కిలి చిన్నది. తుపాకి ప్రేలిన పిదప నేలరాలు ఇత్తడి డొల్ల యది. మన్యపు అంచున నున్న పల్లెలలో, అడవిపందులనుండి పైరు కాపాడుకొనుటకు లైసెన్సు తుపాకి యుంచుకొనినవారి యిండ్లలో దీనిని చూచుచుందుము. పాతయినుము కొనువాని గోతములోను, విశాఖపట్టణపు పాతసామానుల యంగళ్లలోను గూడ ఇది కానవచ్చును. దీనిని శుభ్రముచేసి మరల మందు నింపి యింటనే తూటా చేసికొనవచ్చునని కొందరందురు. కరగించి చెంబో గంటయో పోయించవచ్చునని మరికొందరందురు. పిల్లలకైతే అది యీల. ఈ మూడింటిలో ఏది తగును, ఏది తగదు, ఎందువలన అను విషయమును మీకు విన్నవించుటయే నా యుద్దేశము. నేను వేటగాడను గాను; లోహముల గుణదోషములు బోధించుచు కొంతకాలము గడపినవాడను. కావున తుపాకి మాట తక్కువగను, ఇత్తడి మాట ఎక్కువగను చెప్పెదను.

ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును, అనగా జింకును, కలిసిన లోహము. రాగిలో తగరము కలిసినచో కంచగును. జింకు కలిసినచో ఇత్తడి యగును. తూటా డొల్లకు వాడు ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఈ పాళ్లలో నున్న ఇత్తడి చల్లగా నున్నప్పుడుగూడ మిక్కిలి సాగును. జింకు పాలు నలువదికి చేరినచో లోహము గట్టిపడును గాని చల్లని స్థితిలో అంతగా సాగదు. అందుచేతనే లోతుగా లాగవలసిన వస్తువులకు ఈ 70, 30 పాళ్ల ఇత్తడినే వాడుదురు.

జింకు తీయు విద్య మన దేశమున మిక్కిలి పురాతనము. జింకు సుమారు 907 సెంటిగ్రేడు డిగ్రీలకే ఆవిరియై పోవును. దాని ఖనిజమునుండి దానిని వేరుచేయుటకో అంతకు మించిన వేడి కావలెను. కావున మూత లేని కొలిమిలో అది చేతికి చిక్కదు. ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చి పట్టు ఉపాయమును రాజస్థానమునందలి జావరు గనులవారు ఎన్నో శతాబ్దముల క్రిందటనే యెరిగియుండిరి. రసరత్నసముచ్చయమను సంస్కృత గ్రంథములో ఈ విధానము చెప్పబడినది. మన విశాఖపట్టణముననే 1977లో జింకు తీయు పెద్ద కర్మాగార మొకటి పని మొదలుపెట్టెను. అది 2012లో మూతపడినది. ఇక ఇత్తడిని కాచి కొట్టి పాత్రలు చేయు విద్యకు శ్రీకాకుళము జిల్లా సారవకోట మండలమునందలి బుడితి గ్రామము పేరుపొందినది. బుడితి కంచరి రెండు మూడు మారులు సుత్తితో కొట్టి మరల నిప్పులలో నుంచుట మీలో పెక్కురు చూచియే యుందురు. అతడట్లేల చేయునో తెలిసినచో తూటా డొల్ల రహస్యము సగము తెలిసినట్లే.

ఇత్తడిని చల్లగా నుండగా కొట్టినను, వంచినను, లాగినను అది గట్టిపడును. గట్టిపడిన కొలది పెళుసుదన మెక్కువగును. ఆ స్థితిలో ఇంకను కొట్టినచో చీలును. దానిని కాచినచో లోపలి రేణువులు మరల సర్దుకొని లోహము మెత్తబడును. ఇచ్చట నొక వింత గలదు. కమ్మరి ఉక్కును ఎర్రగా కాచి నీట ముంచినచో అది గట్టిపడును. ఇత్తడికి ఆ గుణము లేదు. కాచిన ఇత్తడిని నీట ముంచినను, గాలికి వదలినను మెత్తగనే యుండును. దానిని గట్టిపరచుటకు దెబ్బయొక్కటే మార్గము. మెత్తబరచుటకు వేడియొక్కటే మార్గము.

ఇప్పుడు తూటా మాటకు వత్తము. పూర్వకాలపు తూటా కాగితపు పొట్లము. సిపాయి దానిని పంటితో చింపి, మందును తుపాకి గొట్టములో పోసి, గుండును దట్టించెడివాడు. ఆ కాగితమునకు పూసిన క్రొవ్వు ఏ జంతువుదను సందేహము 1857 నాటి కల్లోలమునకు కారణములలో నొకటియైన సంగతి మీరెరుగుదురు. 1866లో ఇంగ్లండునందు బాక్సరు అను సైనికాధికారి పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన తూటాను తెచ్చెను. అది కాగితముకంటె మేలేగాని, వేడెక్కిన తుపాకిలో ఇరుకుకొనెడిది. 1884–85 నాటి సూడాను యుద్ధములో ఈ చిక్కువలన సిపాయిలు కష్టములపాలైరి. అటుపిమ్మట అతుకులేని డొల్లలు, అనగా ఒకే బిళ్లనుండి లాగి చేసినవి, వాడుకలోనికి వచ్చినవి. మన దేశమున పూనాయొద్ద ఖడ్కీలో తూటాల కర్మాగారము 1869లోనే స్థాపింపబడినది.

ఇత్తడి బిళ్లను మొదట గిన్నెవలె నొక్కుదురు. ఆ గిన్నెను సన్నని కన్నముగుండ నెట్టి లాగుదురు. ఒక్కొక్క లాగుడుకు అది పొడవు పెరుగును, గోడ పలుచబడును, లోహము గట్టిపడును. కావున బుడితి కంచరివలెనే లాగుడుకు లాగుడుకు నడుమ దానిని కాచి మెత్తబరచుదురు. కడపట అడుగును గట్టిగా అణచి దిమ్మవలె చేసి, నడుమ కేపు కూర్చుండు గుంట పెట్టుదురు. పూర్తియైన రైఫిలు డొల్లలో అడుగు గట్టిగను, మూతి మెత్తగను ఉండును. ఒకే వస్తువులో ఈ రెండు గుణములును ఉండుటయే దాని ప్రాణము.

ఎందుచేత ననగా, కేపు ప్రేలి మందంటుకొనగనే రైఫిలు గదిలో చదరపు అంగుళమునకు 40,000 పౌనులకు మించిన ఒత్తిడి పుట్టును. పండ్రెండు బోరు తుపాకిలో ఇది సుమారు 10,000 పౌనులు. సెకనులో వేయవవంతు కాలమున ఇది యంతయు జరిగిపోవును. ఆ క్షణమున డొల్ల మూతి ఉబ్బి గది గోడకు గట్టిగా అంటుకొనును. అంటుకొని నిప్పును వాయువును వెనుకకు, అనగా కాల్చువాని ముఖము మీదికి, రాకుండ అడ్డగించును. గుండు బయటికి పోగానే ఒత్తిడి తగ్గి, డొల్ల కొంచెము ముడుచుకొని సులభముగా ఊడివచ్చును. ఉబ్బుటకు మెత్తదనము కావలెను. ముడుచుకొనుటకు స్ప్రింగు గుణము కావలెను. అడుగు చిరిగిపోకుండుటకు గట్టిదనము కావలెను.

ఇంతటి ఉక్కు నగరము మన యెదుట నుండగా ఉక్కుతోనే డొల్లలు చేయరాదా యని మీరడుగవచ్చును. చేసినవారున్నారు. రెండవ ప్రపంచయుద్ధములో రాగి కరవై జర్మనులు లక్క పూసిన ఉక్కు డొల్లలు వాడిరి. కాని ఉక్కు బిగువు ఇత్తడి బిగువుకు ఇంచుమించు రెండింతలు. అంత బిగువైన లోహము ఒత్తిడి తగ్గిన పిదప ఇత్తడియంత వెనుకకు ముడుచుకొనదు. గదిలో ఇరుకుకొనుటకు వీలుండును. పైగా మన సముద్రపు గాలికి తుప్పు పట్టును. అందుచేత నేటికిని ఇత్తడియే మేలని యెంచబడుచున్నది.

ఒకమారు కాల్చిన డొల్లను మరల నింపువారు విదేశములందు పలువురు కలరు. మన దేశమునను వెనుకటి షికారీలు మందపు ఇత్తడి డొల్లలను పలుమారులు నింపి వాడిరి. వారు ఆ డొల్లనెట్లు సిద్ధపరతురో సంగ్రహముగా చెప్పెదను. ఇది మీరు చేయవలెనని గాదు. ప్రతి మెట్టునందును ఏయే అపాయము పొంచియున్నదో తెలియుటకు.

మొదటిది పరీక్ష. మూతి దగ్గర సన్నని చీలిక యున్నచో ఆ డొల్ల పనికిరాదు. అడుగునకు కొంచెము పైన, చుట్టును మెరయు గీత యొకటి కనబడినచో అది మరింత అపాయము. ప్రేలినప్పుడెల్ల డొల్ల పొడవుగా సాగును. ఆ సాగుదలకు అడుగు దిమ్మ కలియు చోట గోడ లోపల పలుచనై పోవును. పైకి గీతవలె కనబడునది నిజమునకు లోపలి గాడి. అట్టి డొల్ల తరువాతి మారు రెండుగా తెగి, వేడివాయువు వెనుకకు తన్నుకొనివచ్చును.

రెండవది శుభ్రత. మసిలోను, ఇసుకలోను పడిన డొల్ల తుపాకి గదిని గీయును. చింతపండు, నిమ్మరసములవంటి మెత్తని పులుసు చిలుమును కరగించును. కాని పులుసులో చాలసేపు నానబెట్టినను, కడుగక విడిచినను ఇత్తడిలోని జింకు ముందుగా కరగిపోయి, రాగి మాత్రము గులాబిరంగు మచ్చలుగా మిగులును. ఆ మచ్చలున్న చోట లోహము గుల్లబారియుండును. మన యింటి చెంబునకైనను ఇదే న్యాయము: తోమిన వెంటనే మంచినీట కడిగి తుడువవలెను.

మూడవది కేపు. పూర్వపు కేపులలో పాదరసపు మందుండెడిది. ప్రేలినపుడు విడివడిన పాదరసము ఇత్తడిలోనికి చొచ్చి దానిని పెళుసు చేయును. అట్టి డొల్ల కంటికి కొత్తదివలె మెరయుచునే చేతిలో విరుగును. అటుపిమ్మట పొటాసియము క్లోరేటు కేపులు వచ్చినవి. అవి ఇత్తడికి కీడు చేయవుగాని, ఉప్పువంటి మసిని విడుచును. ఆ యుప్పు తేమ పీల్చి తుపాకి గొట్టమును త్రుప్పు పట్టించును. కావుననే వెనుకటి సిపాయిలు కాల్చిన సాయంకాలమే గొట్టములో మరుగునీరు పోసెడివారు. ఇక కాలని కేపు ఒక చిన్న దెబ్బకే ప్రేలును. దానిని పొడిచి తీయబూనుట కంటిని పణముగా నొడ్డుటయే.

నాలుగవది కొలత. ఉబ్బిన డొల్లను ఉక్కు అచ్చులో నొక్కి మొదటి కొలతకు తెత్తురు. సాగి పొడవైన మూతిని కత్తిరింతురు. మూతి పొడవైనచో గది చివర తగిలి గుండును బిగబట్టును. గుండు సులువుగా కదలక ఒత్తిడి అమితముగా పెరుగును. ఇక్కడ కావలసిన సున్నితము అంగుళములో వేయవవంతుల లెక్క. కంటి అంచనాకు అందునది కాదు.

అయిదవది కాచుట. అచ్చులో నొక్కుట, కాల్చుట, మరల నొక్కుట వలన మూతి గట్టిపడి చీలును. దానిని తప్పించుటకు మూతిని మాత్రము కాచి మెత్తబరతురు. వేడి అడుగునకు దిగినచో అడుగు మెత్తబడును. మెత్తబడిన అడుగును మరల గట్టిపరచు ఉపాయము ఇంటిలో లేదు; నీట ముంచిన లాభము లేదని ముందే చెప్పితిని. అట్టి డొల్ల ప్రేలినచో దాని వెనుక నున్నది మనిషి ముఖము. పైకి చూచినచో మంచి డొల్లకును దీనికిని భేదము తెలియదు.

ఇంతవరకు పనివాని అజాగ్రత్తవలన కలుగు కీడులను చెప్పితిని. ఎవ్వరును ముట్టకయే డొల్ల చెడిపోవు విధమొకటి గలదు. దాని కథ మన దేశముననే జరిగినది. తెల్లదొరల దండులు ఇచ్చట నున్న కాలమున తూటాలను వానకాలములో గుర్రపుశాలలలో భద్రపరచెడివారు. వానలు వెలసిన పిదప చూచిన, కాల్చని తూటాలే నిలువున చీలియుండెడివి. ఋతువుతోపాటు వచ్చు చీలికయని దీనికి పేరుపెట్టిరి. కారణము 1921లో మూరు, బెకిన్సేలు మొదలగు ఆంగ్ల లోహశాస్త్రజ్ఞులు తేల్చిరి. గుర్రపు మూత్రమునుండి పుట్టు అమోనియా ఘాటు, వానకాలపు తేమ, డొల్లను లాగునప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు – ఈ మూడును కలిసినప్పుడే ఇత్తడి రేణువుల నడుమ సందులు చీలును. మూడింటిలో ఒక్కటి లేకున్నను చీలిక రాదు. బిగువు పోవుటకు తక్కువ వేడిమీద కొంతసేపుంచుట, అమోనియాకు దూరముగా భద్రపరచుట – ఇవియే నివారణలు.

ఈ సంగతి తుపాకి లేనివారికిని పనికివచ్చును. పశువులసాలలో వ్రేలాడదీసిన ఇత్తడి గంట, గొడ్లచావడి అటకమీద పెట్టిన కొట్టుడు బిందె, అమోనియా ఎరువు బస్తాల ప్రక్కనుంచిన ఇత్తడి పంపు భాగములు – వీనికన్నిటికిని ఈ దోషము తగులవచ్చును. సాగగొట్టి చేసిన పాత్ర కారణము తెలియక నిలువున పగిలినచో దిష్టి తగిలెననుకొనక, అది ఎచ్చట నుండెనో విచారింపుడు.

ఇక చట్టము మాట. 1878 నాటి ఆయుధ చట్టముతో తెల్లదొరలు మనవారి చేతినుండి ఆయుధములను తీసివేసిరి. 1922 ఆగస్టు 22వ తేదీని అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసి తుపాకులతోపాటు తూటాలనుగూడ పట్టుకొనిపోవుట మన మన్యపు చరిత్ర. తూటా లేని తుపాకి కర్రతో సమానమని ఆ వీరుడెరుగును. స్వతంత్ర భారతమున 1959 నాటి ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము తూటాల భాగములను, తూటాలు చేయు యంత్రములనుగూడ తూటాలతోనే జమకట్టినది. తయారుచేయుటకు వేరుగా లైసెన్సు కావలెను. తుపాకి యుంచుకొను లైసెన్సు అందుకు చాలదు. 2019లో చేసిన సవరణ ననుసరించి, లైసెన్సు లేక తయారుచేసినవానికి ఏడేండ్లకు తగ్గని శిక్ష గలదు. కావున తుపాకిగల పెద్దలు తమ యింటి కుర్రవాండ్రు డొల్లలు పోగుచేయుట చూచినచో ఊరకుండరాదు. కాల్చిన తూటాల లెక్క వ్రాసియుంచుకొని, డొల్లలను ఏమి చేయవలెనో లైసెన్సు నిచ్చిన అధికారి కార్యాలయముననో, తూటాలు కొనిన దుకాణముననో అడిగి తెలిసికొనుట మేలు.

కడపటిది, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది, పాతసామానుల సంగతి. విశాఖపట్టణము రేవు పట్టణము. 1942 ఏప్రిల్ 6వ తేదీని జపాను విమానములు బాంబులు వేసిన పట్టణము. దేశదేశముల పాతయినుము ఓడలలో మన దేశపు రేవులకు వచ్చుచుండును. అందులో యుద్ధభూములనుండి ఏరిన సామానుగూడ కలిసివచ్చుట కద్దు. 2004 సెప్టెంబరు 30వ తేదీని ఢిల్లీ సమీపమున సాహిబాబాదునందలి యొక ఉక్కు కర్మాగారములో, విదేశమునుండి వచ్చిన పాతయినుములో కలిసియున్న ప్రేలని గుండ్లు ప్రేలి పదిమంది కూలీలు మరణించిరి. వారిలో ఎవ్వరును తుపాకి పట్టినవారు గారు. పొట్టకూటికి ఇనుము మోసినవారు.

ఖాళీ డొల్లకును, నిండు తూటాకును భేదమెట్లు తెలియును? తూటా మూతిలో గుండు లేక కాగితపు మూత యున్నచో అది నిండుది. మూతి తెరచియుండి, అడుగున కేపు నడుమ సూది గుచ్చినట్లు గుంట యున్నచో అది సాధారణముగా కాల్చినది. కాని గుంట యుండియు ప్రేలని తూటాలు గలవు. మూతి మట్టితో కప్పుకొనిపోయి ఖాళీవలె కనబడునవియు గలవు. మణికట్టుకంటె లావైన దేదైనను, మందు బిరడా వలె కొసదేలిన దేదైనను చేతితో ముట్టరాదు. ఇత్తడి ధర పలుకునను ఆశతో సుత్తిపెట్టి కొట్టుటయు, కొలిమిలో వేయుటయు చావును పిలుచుటయే. తుపాకి గదిలో లేని తూటా వేడికి ప్రేలినపుడు గుండుకంటె ఇత్తడి పెంకులే ముందుగా ఎగిరి కండ్లను పోగొట్టును. మూత బిగిసిన ఏ గొట్టమునైనను, అది తూటా కాకపోయినను, కొలిమిలో వేయరాదని కంచరుల పెద్దలు తమ పిల్లలకు నేర్పవలెను.

అట్టిది పొలమున దున్నునప్పుడో, చెరువు పూడిక తీయునప్పుడో, పాతసామానులోనో కనబడినచో చేయవలసినది మూడే పనులు. దానిని కదలింపకుడు. పిల్లలను, పశువులను దూరముగా తోలి గుర్తుకు కర్రయొకటి పాతుడు. పోలీసు ఠాణాకు కబురంపుడు. దానిని తీయుటకు నేర్పరులైన వారు వేరుగా నున్నారు. వారు వచ్చువరకు గ్రామపెద్ద యొకడు అచ్చట కాపలా యుండుట మంచిది. ఊరిలో నలుగురు మీ మాట విందురు గనుకనే ఈ భారము మీపైని పెట్టుచున్నాను.

అయ్యలారా! ఇత్తడి మన యింటి దీపము, మన గుడి గంట, మన పెండ్లి బిందె. ఆ లోహమే తుపాకి గదిలోను పనిచేయుచున్నది. సాగుదల, బిగువు, ముడుత – ఈ మూడు గుణములచే అది రెండుచోట్లను రాణించినది. దాని గుణ మెరిగి వాడినచో తరతరములు నిలుచును. గుణ మెరుగక కాచినను, కొట్టినను, నింపినను అది చేతిలోనే పగులును. పగిలిన బిందెకు అతుకు వేయవచ్చును. పోయిన కంటికి వేయలేము. ఈ నాలుగు మాటలు మీ యూరి కంచరికిని, పాతయినుము కొనువానికిని, తుపాకిగల రైతునకును చెప్పుదురుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.